సాక ముట్టని అమ్మ

ఆ వాక్యం రాసింది నేను. మైకు ముందు చెప్పింది కురుమమ్మ. కాబట్టి ఆ ఆషాఢంలో జరిగినదానికి మొదటి కారణం ఎవరని అడిగితే నా దగ్గర జవాబు ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అశోక్‌నగర్‌లోని మా ఇంటి వెనక గదిలో కురుమమ్మ పందొమ్మిదేళ్లుగా ఉంటోంది. పాలమూరు నుంచి భర్త బాలప్పతో కూలిపనికి వచ్చి, అతను పోయిన ఏడే నా ఇంటి పనికి కుదిరింది. నేను నారాయణగూడలోని ఒక మహిళా కళాశాలలో తర్కశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. పెళ్లి చేసుకోలేదు. ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

మొదటి పద్నాలుగేళ్లు ఆమె సాయంత్రం నాలుగయ్యేసరికి పని వదిలేసి కల్లు కాంపౌండుకు వెళ్లేది. అక్కడ పోసేది చెట్టు మీద నుంచి దించిన కల్లు కాదు, నిద్రమాత్రల పొడి కలిపి తయారు చేసింది. కరోనా మొదటి ఏడాది కాంపౌండ్లు మూతపడ్డ నాలుగో రోజున ఆమె మెడ వంకరపోయి, నాలుక కరుచుకొని మా పెరట్లో పడిపోయింది. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంది. ఆ తరవాత నారాయణగూడలోని ఒక వ్యసన విముక్తి కేంద్రానికి ఏడాదిపాటు వారం వారం వెళ్లింది. మానేసిందని అందరూ అంటారు. మొదట దొరకలేదు, దొరకడం మొదలైన తరవాత ముట్టలేదు. ఈ రెంటికీ మధ్య ఉన్నదంతా ఆమె కష్టమే, దాన్ని నేను తక్కువ చేయను.

కల్లుతో పాటు ఇంకొకటి కూడా పోయింది. మా వీధి వెనక బస్తీలో ఉన్న పోచమ్మకు కురుమమ్మ శివసత్తి. అంటే బోనాల నాడు అమ్మవారు ఆమె ఒంటి మీదికి వచ్చేది. బస్తీ జనం వరస కట్టి తమ బాధలు అడిగేవారు, ఆమె చెప్పేది. కల్లు మానిన తరవాత అమ్మ రాలేదు. ఒక ఏడాది డప్పుల ముందు నిలబడింది, అలాగే నిలబడి ఉండిపోయింది. మరుసటి ఏడాది నుంచి గుడికే వెళ్లలేదు. ఒకప్పుడు కూరలమ్మేవాళ్లతో వీధి చివరిదాకా వినబడేటట్టు పోట్లాడే మనిషి, నన్ను కూడా “మీకు పుస్తకం తప్ప ఉప్పు కారం ఎరుకలేదు” అని కసిరే మనిషి, గిన్నెలు చప్పుడు కాకుండా తోమడం నేర్చుకుంది. నాకు హాయిగా ఉండేది. ఇది కూడా రాయాలి.

జూన్ చివరలో ఆ విముక్తి కేంద్రం నుంచి రమ్య అనే కౌన్సెలర్ వచ్చింది. చిన్నపిల్ల, చాలా మంచిది.

“ఐదేండ్లు నిండినయి అమ్మా. ఆదివారం మీటింగుల మీరు మాట్లాడాలె. మీ కథ విని పదిమంది బాగుపడతరు.”

“నా కతేముంది బిడ్డా. తాగిన, మానిన. మీరు గూడ మానుండ్రి, ఇంటికి పోయి అన్నం తినుండ్రి అని చెప్త. సరిపోతదా?”

రమ్య నవ్వి నా వైపు తిరిగింది. “మేడమ్, జర మీరే రాసియ్యుండ్రి.”

రాశాను. ఎప్పుడు మొదలైంది, ఎందుకు పెరిగింది, ఏం పోయింది, ఏం మిగిలింది, అన్నీ ఒక క్రమంలో పెట్టి రాశాను. కురుమమ్మకు చదువు రాదు కనుక మూడు రోజులు నేను చదవడం, ఆమె గోరుచిక్కుళ్లు తుంచుతూ అప్పజెప్పడం. మూడో రోజు చివరి వాక్యానికి వచ్చాం.

“‘నా ఒంటి మీదికి వచ్చింది అమ్మవారు కాదు, కల్లులో కలిపిన మందు.’ అను.”

తుంచుతున్న చెయ్యి ఆగింది. “గిది గూడ చెప్పాల్నా అమ్మా?”

“నిజం కాదా? మందు ఆగింది, పూనకం ఆగింది. మొదటిది ఉన్నన్నాళ్లే రెండోది ఉంది.”

“గట్లనా.” ఇంకో కాయ అందుకుంది. “పెద్ద సదువు సదివినోళ్లు. మీకెరుక.”

దాన్ని నేను అంగీకారంగా తీసుకున్నాను.

ఆదివారం నాడు ఆ చిన్న హాలులో నలభై మంది దాకా ఉన్నారు. కురుమమ్మ ఒక్క మాట తప్పు పోకుండా అంతా చెప్పింది. చివరి వాక్యానికి హాలు మొత్తం చప్పట్లు కొట్టింది. ఎవరో శాలువా కప్పారు. రమ్య ఫోనులో వీడియో తీసింది. తిరుగు ఆటోలో కురుమమ్మ శాలువా మడత పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

“అన్నిటికంటె గా మాటకే ఎక్వ కొట్టిండ్రు గద అమ్మా,” అంది.

ఆ వీడియో ఎవరి ఫోనులో నుంచి ఎవరి ఫోనులోకి పోయిందో నాకు తెలియదు. ఆషాఢం మొదలైన వారంలోపు బస్తీకి చేరింది. పోచమ్మ గుడి పనులు చూసే ఎల్లేష్ మా గేటు ముందు స్కూటరు ఆపాడు. కురుమమ్మ వాకిలి ఊడుస్తోంది. నేను వరండాలో ఉన్నాను.

“ఏమక్కా, స్పీచ్ మస్తుగిచ్చినవట.”

కురుమమ్మ చీపురు ఆపలేదు.

“ఇరవయ్యేండ్లు మాతోని మాట్లాడింది సీసానా? మా బిడ్డకు శ్రీదివ్య అని పేరు పెట్టింది అమ్మ అని చుట్టాలందరికి చెప్పుకున్న. పేరు మార్పియ్యాల్నా ఇగ? ఆధార్ ఆఫీసుల ఏమని చెప్పాలె?” తన మాటకు తనే నవ్వాడు కాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “అక్కా, నువ్వు తాగుతవని మాకెరుకలేదా? తాగిన మనిషి మీదికి గూడ అమ్మ వస్తదనుకున్నం. నువ్వే కాదంటివి.”

స్కూటరు వెళ్లిపోయింది. ఊడ్చిన చోటే కురుమమ్మ మళ్లీ ఊడ్చింది.

తరవాత రెండు రోజులకు లక్ష్మవ్వ వచ్చింది.

లక్ష్మవ్వను మా పేటలో ఎరగనివారు లేరు. సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు రోజంతా కూర్చునే గ్రంథాలయానికి ఎదురుగా ఆమె మిర్చి బండి. “నోటిఫికేషన్ కంటె నా మిర్చే ముందు వస్తది, తినుండ్రి” అని వాళ్లను ఆట పట్టిస్తూ ఉంటుంది. బండి అక్కడే ఎందుకుందో మాత్రం ఆ పిల్లలకు తెలియదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు శ్రీశైలం పదకొండేళ్ల కిందట ఒక ఉదయం పుస్తకాల సంచి భుజాన వేసుకొని ఆ గ్రంథాలయానికని వెళ్లాడు, తిరిగి రాలేదు. పోలీసులు వెతికారు, చుట్టాలు వెతికారు. ఆ ఏడాది బోనాలలో లక్ష్మవ్వ కురుమమ్మ కాళ్ల మీద పడి అడిగింది. ఒంటి మీద ఉన్న అమ్మ, కొడుకు బతికే ఉన్నాడని, వస్తాడని చెప్పింది. అప్పటిదాకా కూలికి పోయే లక్ష్మవ్వ ఆ మాట విన్న నెలలోపే బండి పెట్టింది. వస్తే అక్కడికే వస్తాడని.

“కూసో అక్కా,” అంది కురుమమ్మ.

“కూసోను. మూకుడు పొయ్యి మీద పెట్టొచ్చిన.” నిలబడే కొంగుతో మొహం తుడుచుకుంది. “ఒక్కటే అడుగుత. నా కొడుకున్నడు, వస్తడు అని నువ్వు చెప్పినవు గద. అది అమ్మ చెప్పిందా, మందు చెప్పిందా?”

కురుమమ్మ నా వైపు చూసింది. నా ఒళ్లో పుస్తకం ఉంది. దాన్ని మూసి పక్కన పెట్టాను.

“ఎరుకలేదక్కా,” అంది కురుమమ్మ.

“ఎరుకలేకుంటె మైకుల ఎట్ల చెప్పినవ్?”

లక్ష్మవ్వ కొంగు నడుములో దోపుకుంది. “సరె, నూనె మాడుతది,” అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కురుమమ్మ టీ తెచ్చి నా ముందు పెట్టి, వెళ్లకుండా గడపలో కూర్చుంది.

“అమ్మా, నేను తాగుడు నేర్సింది బాలప్ప పోయినంక, ముప్పై రెండేండ్లప్పుడు. అమ్మ నా మీదికి వచ్చింది పద్నాలుగేండ్లప్పుడు, మా ఊర్ల. అప్పుడు నాకు కల్లు వాసనొస్తెనే కక్కొచ్చేది.”

“మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలె. మీరే చెప్పిండ్రు.”

మందుకు పద్దెనిమిదేళ్ల ముందు నుంచి ఉన్నదానికి నేను మందును కారణం చేశాను. రెండూ ఒకేసారి ఆగాయి కనుక ఒకటి రెండోదానికి కారణమని తేల్చాను. మొదటి సంవత్సరం విద్యార్థిని ఆ తప్పు చేస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని. పైగా ఆ తీర్పును ఆమె నోట పెట్టి, ఆమె గొంతుతో నలభై మందికి చెప్పించాను.

“అయితే ఇప్పుడెందుకు రావడం లేదు?” అని అడిగాను. ఐదేళ్లు ఆలస్యంగా అడిగిన మొదటి ప్రశ్న అది.

“గదే సమజైతలేదు. కల్లు మీదికి పాణం పోవద్దని లోపట గట్టిగ పట్టుకొని కూసున్న. ఐదేండ్లాయె, చెయ్యి ఇడువలె. లోపటున్నది ఒక్కటే దర్వాజనేమో అమ్మా. మూస్తె అందరికి మూసినట్టే.” ఖాళీ కప్పు తీసుకొని లేచింది. “ఈ యేడు బోనమెత్తుకుంట.”

“కల్లు?”

“ముట్ట.”

బోనాల ఆదివారం సన్నగా వాన. కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి కురుమమ్మ నెత్తిన ఎత్తుకుంది. నేను గొడుగు పట్టుకొని వెనక నడిచాను. డెబ్బై ఆరేళ్లలో ఆ గుడి ముందుకు పోవడం నాకు అదే మొదటిసారి. ఎల్లేష్ ఆమెను చూసి ఏదో అనబోయి, డప్పుల వాళ్లకు సైగ చేశాడు.

బోనం దించాక ఆమె కొప్పు విప్పింది. డప్పు వేగం పెరిగింది. ఊగడం మొదలుపెట్టింది. చుట్టూ ఆడవాళ్లు “అమ్మ వచ్చిందే, అమ్మ వచ్చిందే” అని అరిచారు, ఒకామె ఏడ్చింది. ఐదేళ్లుగా రాని అమ్మ వచ్చిందని వాళ్ల సంతోషం. కురుమమ్మ కళ్లు నేను పందొమ్మిదేళ్లుగా ఎరుగుదును. ఆ కళ్లు అడుగు వేసే చోటు చూసుకుంటున్నాయి. గుడి మెట్ల కింద వాన నీటి గుంట ఉంది. మూడుసార్లు దాని దగ్గరికి వచ్చి మూడుసార్లూ తప్పుకుంది.

లక్ష్మవ్వ జనాన్ని తోసుకొని ముందుకు వచ్చింది. “అమ్మా, నా కొడుకు?”

“ఉన్నడు బిడ్డా!” గొంతు చీరుకుపోయేటట్టు అరిచింది కురుమమ్మ. “నీళ్లున్న ఊర్ల ఉన్నడు. మూడు పూటలు తింటున్నడు. నీ మీదికి మనసు మళ్లింది, వస్తడు. నా మాట తప్పదు!”

లక్ష్మవ్వ ఆమె కాళ్ల మీద పడింది. కాళ్లు పట్టుకొని ఎంతసేపు ఉందో చెప్పలేను. తరవాత లేచి, ఆనవాయితీ ప్రకారం సాక అందుకుంది. అడిగినవారు అమ్మవారికి తమ చేత్తో పోసే కల్లు చెంబు అది. అమ్మ దాన్ని గటగటా తాగితే మాట ఖాయమైనట్టు.

చెంబు కురుమమ్మ నోటి దగ్గరికి వచ్చింది. పెదవులు బిగుసుకున్నాయి. కల్లు గడ్డం మీదుగా, మెడ మీదుగా, కొత్త చీర మీదుగా కారి పాదాల దగ్గర వాన నీళ్లలో కలిసింది. లక్ష్మవ్వ చెంబు ఇంకొంచెం వంచింది. దవడ ఎముకలు పైకి తేలేటంత గట్టిగా కురుమమ్మ పళ్లు కరుచుకుంది. తల పక్కకు తిప్పింది.

లక్ష్మవ్వ ఆ చెంబును ఒక్క క్షణం అలాగే పట్టుకొని, మిగిలింది వేపచెట్టు మొదట్లో పోసింది. తన కొంగుతో కురుమమ్మ నోరు, మెడ తుడిచింది, పసిపిల్లకు తుడిచినట్టు. తరవాత జనంలోకి వెళ్లిపోయింది.

ముట్టలేదు. నా మనసులో అప్పుడు కలిగింది గర్వం. ఆ మాట దాచను.

ఇంటికి వచ్చి కురుమమ్మ రెండుసార్లు స్నానం చేసింది. చీర మూడుసార్లు ఉతికింది. “వాసన పోతలేదు,” అని బావి గట్టు మీద కూర్చుంది.

“తాగినొద్దులల్ల ఒక్కనాడు అబద్ధం చెప్పలేదమ్మా. ఏం చెప్పిన్నో నాకే ఎరుకుండకపోయేది. ఇయ్యాల ఒళ్లు తెలిసి చెప్పిన. అమ్మ పేరు మీద చెప్పిన.”

“ఆ తల్లికి కావలసిన మాట చెప్పావు కదా,” అన్నాను.

“అదే గద. కావాల్సింది చూసి చెప్పిన.”

శ్రావణం వచ్చింది. ఒకరోజు గ్రంథాలయం వైపు వెళితే బండి ఉండే చోటు ఖాళీగా ఉంది. మెట్ల మీద చదువుకుంటున్న ఒక అమ్మాయిని అడిగితే, “నారాయణగూడ చౌరస్తకు మార్చిందంట మేడమ్,” అంది. వెళ్లాను. పదకొండేళ్లు ఒక్క అడుగు కదలని బండి అక్కడ బస్సుల పొగలో నిలబడి ఉంది. లక్ష్మవ్వ నాకు అడగకుండానే రెండు మిర్చి కాగితంలో పెట్టి ఇచ్చింది.

“ఈడ గిరాకి మంచిగుంది మేడమ్. ఆడ పోరగాళ్లు రెండు మిర్చి తిని నాలుగు గంటలు కూసుంటరు.”

నేను కదలలేదు. ఆమె మూకుట్లో జల్లిగంటె తిప్పుతూ, నా మొహం చూడకుండా అంది:

“అమ్మ ఎన్నడన్న సాకకు నోరు మూస్తదా?”

నూనె చిటపటలాడింది.

“మూడొద్దులు ఇంట్ల పండుకొని ఇదే ఆలోచన చేసిన. నా కాళ్ల కింద భూమి ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. కురుమమ్మ మంచిది మేడమ్. నా ముఖం చూడలేక నన్ను సముదాయించింది. బతికున్నోని గురించి ఎవలన్న సముదాయిస్తరా?”

“ఆమెతో నేను మాట్లాడనా?”

“వద్దు. పాపం, ఈ వయసుల నా కోసం అంతసేపు ఎగిరింది.” ఎవరో మిర్చి అడిగారు. వాళ్ల వైపు తిరిగింది.

నేను కురుమమ్మతో చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేకపోయింది. కూరగాయల కోసం రోజూ ఆ చౌరస్తా మీదుగానే వెళ్లే మనిషి, ఆ వారం నుంచి చుట్టు తిరిగి రాంనగర్ వైపు నుంచి వెళ్లడం మొదలుపెట్టింది. రమ్య మళ్లీ వచ్చి, ఇంకో మీటింగు ఉందని, ఈసారి పెద్ద హాలని చెప్పింది.

“నన్ను చూసి ఎవలు బాగుపడొద్దు బిడ్డా,” అంది కురుమమ్మ, కోపం లేకుండా, టీ ఇస్తూ.

“అట్లంటరేందమ్మా? మీరు మళ్ల ముట్టలేదు గద?”

“ముట్టలె.”

అది నిజం. ఇప్పటికీ ముట్టలేదు. తాగే కురుమమ్మ ఆసుపత్రి మంచం మీద పోయింది. శివసత్తి నా వాక్యంతో పోయింది. మైకు ముందు ధైర్యంగా నిలబడ్డామె బోనాల నాడు పోయింది. మా ఇంటి వెనక గదిలో ఇప్పుడు ఉంటున్నది ఎవరో నాకు తెలియదు. ఐదున్నరకు లేస్తుంది, వాకిలి ఊడుస్తుంది, పిలిస్తే పలుకుతుంది. ఒకసారి చారులో ఉప్పు మరిచిపోతే, పాత కురుమమ్మ కసురుతుందేమో అన్న ఆశతో కావాలని చిరాకు పడ్డాను. “తప్పయింది అమ్మా,” అని ఉప్పు తెచ్చి పెట్టింది.

భాద్రపదం చివర పెత్రమాస వచ్చింది. ఇంట్లో చనిపోయినవారి పేరు మీద మా వైపు ఆ రోజు బియ్యం ఇస్తారు. ఉదయం ఎనిమిదింటికి లక్ష్మవ్వ మా గేటు దగ్గర నిలబడింది. చేతిలో చాట, చాటలో బియ్యం, కందిపప్పు, బీరకాయలు, చింతపండు.

“కురుమమ్మా, నాతోని వస్తవా? ఒక్కదాన్ని పోబుద్ధయితలేదు.”

కురుమమ్మ చేతులు కడుక్కొని, చీర కుచ్చిళ్లు సర్దుకొని బయలుదేరింది. నేనూ వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు.

చిక్కడపల్లి సందులో ఒక గుడి మండపం కింద అయ్యగారు కూర్చున్నారు. చాటలు పట్టుకొని ఇరవై మంది దాకా వరసలో ఉన్నారు. లక్ష్మవ్వ వంతు వచ్చింది.

“పేర్లు చెప్పమ్మా.”

“పెద్దులు. నా పెనిమిటి.”

“ఇంకా?”

“సాయమ్మ. అత్త.”

అయ్యగారు ఆ పేర్లు పలికి నీళ్లు వదిలించారు. “ఇంకెవరన్నా ఉన్నరా?”

లక్ష్మవ్వ నోరు తెరిచి మూసింది. చాట అంచు మీద ఆమె వేళ్లు తెల్లబడ్డాయి.

“జర జల్ది పెద్దమ్మా,” అన్నాడు వెనక నుంచి ఒకతను. “లైను రోడ్డు దాంక పోయింది.”

కురుమమ్మ ఒక అడుగు ముందుకు వేసి లక్ష్మవ్వ పక్కన నిలబడింది.

“శ్రీశైలం,” అంది. “కొడుకు.”

అయ్యగారు తలెత్తి చూశారు. “అయ్యో. ఎప్పుడు పోయిండమ్మా?”

“ఈ ఆషాఢంల,” అంది కురుమమ్మ. “బోనాల నాడు.”

లక్ష్మవ్వ కాదనలేదు. అయ్యగారు ఆమె అరచేతిలో నువ్వులు పోసి, నీళ్లు వదలమన్నారు. వెనకనున్నవాళ్లు ఒక అడుగు ముందుకు జరిగారు.